పావురపు పిల్లల శిక్షణము: ఎగురవేయుట, దించుట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున రెండు దినములుగా మంచినీటి పథకములను గురించి, ఇంటి పన్నుల వసూలును గురించి, వీధి దీపములను గురించి పెద్దలు మాట్లాడిరి. వారి తరువాత పావురములను గురించి మాట్లాడుటకు నేను నిలుచుండుట చూచి కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వవలసినదే. కాని పావురము విషయమున తగవు రాని గ్రామమువారు చేయి ఎత్తుడని అడిగినచో ఎన్ని చేతులు లేచునో నాకు సందేహమే. ఒకరి పక్షి మరియొకరి గూటిలో దిగుట, అది తనదని ఇద్దరు వాదించుట, పందెము డబ్బు దగ్గర మాట పెరిగి చేయి చేసికొనుట, చివరకు అది పంచాయతీ అరుగుమీదికి వచ్చుట మనము చూచుచునే యున్నాము. ఆ తగవు తీర్చవలసినవారు ఆ విద్యను కొంత యెరిగియుండుట మంచిది. అందువలననే నన్ను పిలిచితిరని తలంచుచున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. పావురమును గంటలకొలది ఆకాశమున నిలుపుట ఈ విద్యలో సగము మాత్రమే. పిలిచినప్పుడు దానిని క్షేమముగా దించుట తక్కిన సగము. ఈ రెండవ సగము రానివాడు మొదటి సగమునకు చేయి పెట్టరాదు. ఈ మాటను నేను పుస్తకములలో చదివి చెప్పుట లేదు, నష్టపడి నేర్చుకొంటిని. ఆ సంగతి తరువాత మనవి చేసెదను.

ఏ జాతి, ఏ విద్య

పావురములను ఎగురవేయుటలో రెండు విధములు కలవు. మొదటిది దూరమునుండి ఇంటికి మరలివచ్చు పక్షి విద్య. మన పొరుగున ఒడిశా రాష్ట్రమున పోలీసు శాఖవారు 1946లో వార్తాహర పావురముల సేవను ప్రారంభించిరి. 1982లో మహానది వరదలలో బాంకీ పట్టణము చిక్కుకొన్నప్పుడు ఆ పక్షులే వార్తలు మోసినవి. అక్కడ లెక్క దూరము.

రెండవది ఓర్పు విద్య. ఇందులో పక్షి ఎక్కడికిని పోదు. తన గూటి మీదనే, కంటికి చుక్కవలె కనబడునంత ఎత్తున, గంటలకొలది చుట్లు తిరుగును. ఇక్కడ లెక్క సమయము. నేడు నేను మాట్లాడునది ఈ రెండవ విద్యను గురించియే.

ఈ వేడుక మన దేశమునకు క్రొత్త కాదు. అక్బరు చక్రవర్తి దీనికి ‘ఇష్క్‌బాజీ’ అని పేరు పెట్టెనని అబుల్ ఫజల్ తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో వ్రాసియున్నాడు. ఆ కొలువున 20,000కు మించిన పావురములుండగా, అందు 500 మాత్రమే ఏరిన పక్షులట. అనగా ఆనాడు కూడ ఏరిక ముఖ్యము. హైదరాబాదు పాతనగరములోని మిద్దెలమీద నేటికిని సాయంకాలము కబూతర్ల జట్లు తిరుగుట మీరు చూచియే యుందురు.

ఓర్పు విద్యను గడియారముతో, నియమములతో పెంచినవారు ఇంగ్లండు దేశపు శ్రామికులు. అక్కడ చెషైర్ ప్రాంతమున కాంగిల్టన్, మాకిల్స్‌ఫీల్డ్ పట్టణముల చుట్టుప్రక్కల 19వ శతాబ్ది మధ్యకాలమున ‘టిప్లర్’ అను జాతి యేర్పడెను. మాకిల్స్‌ఫీల్డ్ పట్టుమిల్లుల ఊరు. పిమ్మట ఉక్కుపనికి పేరొందిన షెఫీల్డు పట్టణపు పనివారు కూడ ఈ పక్షులను చేపట్టిరి. టిప్లరు చూచుటకు మామూలు పావురమే. విసనకఱ్ఱ తోక లేదు, మెడలో పొంగు లేదు. కాని ఓర్పులో దానిని మించిన పెంపుడు పక్షి లేదు. అది ఎడతెగక 22 గంటలవరకు ఎగిరినట్లు పోటీల లెక్కలలో నమోదైయున్నది.

ఈ 22 గంటల మాట విని మన యువకులు తొందరపడరాదు. ఉత్తర ఇంగ్లండులో జూను నెలలో పగలు సుమారు 17 గంటలుండును. మిగిలిన కాలము చీకటిలో ఎగురుటకు అచ్చటివారు పక్షులకు నెలల తరబడి దీపపు వెలుగున అభ్యాసము చేయింతురు. మన ప్రాంతమున జూను నెలలో కూడ పగలు సుమారు 13 గంటలే. డిసెంబరులో సుమారు 11 గంటలు. పైగా మన యెండ వేరు, మన డేగలు వేరు, మన కరెంటు తీగలు వేరు. కనుక వారి అంకెలు మనకు ఆదర్శములు కావు. వారి పద్ధతి మాత్రము నేర్వదగినది.

పిల్లను ఏరుట, గూటికి అలవాటు చేయుట

పావురము రెండు గ్రుడ్లు పెట్టును. ఆడ, మగ రెండును వంతులవారీగా పొదుగును. సుమారు 18 దినములకు పిల్లలు బయటకు వచ్చును. మొదటి వారము తల్లిదండ్రులిద్దరును తమ మేతసంచిలో ఊరిన పాలవంటి పదార్థమును పిల్లల నోట పెట్టుదురు. ఆవుకు తల్లిపాలు మాత్రమే. పావురమునకు తండ్రిపాలు కూడ కలవు! ఈ దశలో తల్లిదండ్రులకు మేత తక్కువైనచో పిల్ల ఎముక బలహీనమగును. తరువాత ఎంత మేపినను ఆ లోటు తీరదు. ఓర్పు శిక్షణము పిల్ల గూటినుండి కదలకముందే ప్రారంభమగునని దీని భావము.

పిల్ల పుట్టిన 6 నుండి 8 దినముల లోపల కాలికి అతుకులేని ఉంగరము తొడుగవలెను. అటుపిమ్మట పాదము పెరుగును గనుక ఉంగరము ఎక్కదు, ఎక్కినది ఊడిరాదు. ఆ ఉంగరముమీద సంవత్సరము, సంఖ్య ఉండవలెను. ఈ చిన్న ఉంగరము పంచాయతీకి ఎంత మేలు చేయునో ముందు చెప్పెదను.

సుమారు 30 దినములకు పిల్ల తనంత తాను గింజ ఏరుకొనును. అప్పుడే దానిని తల్లిదండ్రులనుండి వేరు చేయవలెను. ఒకే యీడు పిల్లలను మూడింటినుండి ఏడింటివరకు ఒక జట్టుగా ఉంచవలెను. ఛాతి నిండుగా, వీపు గట్టిగా, రెక్క ఈకలు సందులేక, కన్ను తేటగా ఉన్న పిల్లను ఎన్నుకొనవలెను. చేతిలోనికి తీసికొన్నప్పుడు బరువుగా తోచు పిల్లకంటె, బిగువుగా తోచు పిల్ల మేలు.

గూటిమీద తీగవలతో చిన్న పంజరము కట్టి, సాయంకాలము మేతకు ముందు పిల్లలను అందులో కూర్చుండబెట్టవలెను. అవి తమ యింటి కప్పును, ఎదుటి వేపచెట్టును, గుడి గోపురమును, చెరువుగట్టును చూచి గుర్తు పెట్టుకొనును. వారము దినములు ఇట్లు చూడని పిల్లను ఎగురవేయుట, ఊరు తెలియని బిడ్డను సంతలో విడిచిపెట్టుట వంటిది.

ఈ వారములోనే పిలుపు నేర్పవలెను. ఈల గాని, గింజల డబ్బా చప్పుడు గాని, ఏదైనను ఒక్కటే గుర్తు. ప్రతిదినము ఒక్కటే వేళ. గుర్తు విని లోపలికి వచ్చినదానికే మేత. దీనితోపాటు రెండు తెల్లని గువ్వలను గూటిలో పెంచవలెను. ఇవి దూరము పోవు పక్షులు కావు; వదలినంతనే కప్పుమీద రెక్కలార్చి మరల లోపలికి దిగును. వీటిని దించు గువ్వలందము. మేతవేళ పిల్లలు వీటిని చూచి, తెల్లగువ్వ కప్పుమీదికి వచ్చెననగా దిగవలసిన సమయమైనదని తెలిసికొనును. ఆకాశమున ఎంత ఎత్తుననున్న జట్టైనను తెల్లని రెక్క తళుక్కుమనుట చూచును. ఈల వినబడనిచోట ఇదియే పిలుపు.

మేత సంగతి

ఇక ముఖ్యమైన విషయము మేత. పావురము దినమునకు తన బరువులో సుమారు పదవ వంతు గింజ తినును. 300 గ్రాముల పక్షికి 30 గ్రాములు, అనగా చిన్న గుప్పెడు. మనవారు చేయు మొదటి పొరపాటు ఎప్పుడును గిన్నె నిండుగా ఉంచుట. కడుపు నిండిన పిల్ల గూటినుండి లేవదు, లేచినను ఎదుటివారి కప్పుమీద కూర్చుండును, పిలిచిన రాదు. ఆకలిచేత మాడ్చుట రెండవ పొరపాటు. అట్టి పిల్ల ఎక్కడ గింజ కనబడిన అక్కడ దిగును, డేగకు దొరకును. ఈ రెంటికి నడుమ, చురుకుగా ఉండునంత ఆకలి మాత్రమే శిక్షణకు తగినది.

టిప్లరు పెంపకములో శిక్షణకాలపు మేత ప్రధానముగా యవలు, అనగా బార్లీ గింజలు. వీటికి పొట్టు ఎక్కువ, కొవ్వు తక్కువ. యవలు తిన్న పక్షికి కడుపు నిండును గాని ఒంటికి అనవసరమైన బలము పట్టదు, పిలిచినప్పుడు వినును. యవలు దొరకనిచోట వడ్లు కూడ పొట్టుగలవి గనుక కొంతవరకు ఆ పని చేయును. వారమున ఒకటి రెండు సారులు కొద్దిగా పెసలు గాని బఠానీలు గాని కలుపవలెను. ఎదుగు పిల్లకు కండ పట్టుటకు మాంసకృత్తులు కావలయును. గవ్వచిప్పల నలుసు, ఇటుక నలుసు, కొద్ది ఉప్పు వేరొక మూకుడులో ఉండవలెను. పావురమునకు పండ్లు లేవు. ఈ నలుసులే కడుపులో తిరుగలిరాళ్లై గింజను విసరును.

యవలతో శిక్షణ పూర్తియై, జట్టు పిలుపునకు తప్పక దిగుచున్నదని నమ్మకము కలిగిన తరువాతనే బలమైన మేత పెట్టవలెను. పెద్ద ఎగురుడుకు నాలుగైదు దినముల ముందు పక్షులకు పూర్తి విశ్రాంతి నిచ్చి, నీడగల చల్లని గూటిలో ఉంచి, మేతను మెల్లమెల్లగా మార్చవలెను. మొదటి రెండు దినములు గోధుమలు, జొన్నలు, సజ్జలు. తరువాతి దినములలో వీటికి కొఱ్ఱలు, కుసుమ గింజలు, అవిసె గింజలు, సన్నగా చిదిపిన వేరుసెనగ పలుకులు కొలతగా కలుపవలెను.

ఈ మార్పునకు కారణము తెలిసికొనుట మంచిది. కొద్దిసేపు ఎగురుటకు పక్షి గింజలోని పిండి పదార్థము చాలును. గంటలకొలది ఎగురుటకు దాని ఛాతి కండరములు కొవ్వునే ఇంధనముగా మండించును. ఒక గ్రాము పిండి పదార్థము సుమారు 4 కేలరీల శక్తినిచ్చిన, ఒక గ్రాము కొవ్వు సుమారు 9 కేలరీలనిచ్చును. తక్కువ బరువుతో ఎక్కువ శక్తిని మోయుటకు ప్రకృతి చేసిన యేర్పాటు ఇది. వేలమైళ్లు వలసపోవు పక్షులు ప్రయాణమునకు ముందు కొవ్వు పట్టుట కూడ ఇందులకే. అయితే నూనెగింజలు దినమెల్ల, నెలయెల్ల పెట్టినచో పక్షి బలియుటయే గాని ఎగురుట ఉండదు.

ఎగురుడు దినమునకు ముందటి సాయంకాలము కడుపునిండ పెట్టవలెను. తెల్లవారునప్పటికి మేతసంచి ఖాళీగా ఉండవలెను. ఉదయమున మంచినీరు చూపి వదలవలెను. గింజతో బరువెక్కిన మెడతో పక్షిని పైకి పంపరాదు. తిరిగి దిగిన వెంటనే కూడ ఆశగా మేపరాదు. మొదట కొద్ది నీరు, అరగంట తరువాత కొద్ది యవలు, మరునాడు తేలిక మేత. వారము దినములు విశ్రాంతి.

కొందరు బాదములని, నేతి ఉండలని, మరికొందరు మందుల బిళ్లలని పక్షి నోట కుక్కుదురు. మందుతో ఎగిరిన పక్షి తన అలసటను తానెరుగదు. ఎరిగినప్పటికి కిందికి దిగు శక్తి ఉండదు. ఇది పెంపకము కాదు, హింస.

గాలిలో మొదటి పాఠములు

పిల్ల ఆరు ఎనిమిది వారముల యీడున, గాలిలేని సాయంకాలము, మేతకు అరగంట ముందు, పంజరము తలుపు తీయవలెను. జెండా ఊపి, రాళ్లు రువ్వి, అదలించి లేపరాదు. మొదటి దినము కప్పుమీద నడచి లోపలికి వచ్చినను మంచిదే. తనంత తాను లేచినప్పుడు అయిదు నిమిషములు, పది నిమిషములు తిరుగనిచ్చి, దించు గువ్వలను వదలి పిలువవలెను. దిగినంతనే మేత.

ఇట్లు వారమునకు మూడు దినములు మాత్రము ఎగురవేయవలెను. నడుమ దినములు విశ్రాంతి. పది నిమిషములు అరగంటయగును, అరగంట గంటయగును. మేతను సరిదిద్దుచు, మూడు నెలలలో మూడు నాలుగు గంటలవరకు పోవచ్చును. ఇక్కడ ఒక రహస్యము కలదు. జట్టు తనంత తాను అలసి దిగుటకు ముందే, అది ఇంకను హాయిగా తిరుగుచున్నప్పుడే, మనము పిలిచి దించవలెను. అలసి దిగుట అలవాటైన పిల్ల కరెంటు తీగమీదనో, ఊరి బయటి చెట్టుమీదనో దిగును. పిలిచి దిగుట అలవాటైన పిల్ల గూటిమీదనే దిగును.

పిల్ల రెక్క చివరి పెద్ద ఈకలు రాలి క్రొత్తవి వచ్చుచున్నప్పుడు దీర్ఘకాలము ఎగురవేయరాదు. ఈకలు త్వరగా రావలెనని వాటిని చేతితో పెరికివేయు దురలవాటు కొన్ని చోట్ల కలదు. అది పక్షికి తీరని బాధ. రోహిణి కార్తె యెండలో, తుపాను మబ్బులో, పొగమంచులో తలుపు తీయరాదు. ఎగురునప్పుడు పక్షి ఊపిరితో నీటిని కోల్పోవును. మన వేసవిలో అలసటకంటె దప్పికయే ముందు చంపును. మనవంటి గ్రామములలో సూర్యాస్తమయమునకు గంట ముందు జట్టు గూటిలో ఉండవలెను.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి మనవి చేసెదను. అది 1978వ సంవత్సరము, జ్యేష్ఠమాసము. నేను అప్పుడే ఉద్యోగములో చేరిన యువకుడను. నల్లగొండ ప్రాంతములోని మా గ్రామమున నా గూటిలో అయిదు పిల్లల జట్టు ఒకటి తయారైయుండెను. వాటికి దినమును కొలిచి యవలు పోసినది నా చెల్లెలు. అప్పుడు దానికి పదేండ్లు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పేరు పెట్టి పిలిచెడిది.

ఆ జట్టు ఆరు గంటలు ఎగురునని నేను నలుగురిలో అంటిని. కాదని ఒకరనిరి. పందెము కుదిరినది. నాలుగు దినములు నూనెగింజలు మేపి, తెల్లవారుజామున తలుపు తీసితిని. అయిదు పిల్లలును చుక్కలవలె పైకి పోయినవి. మధ్యాహ్నము కాకముందే ఆరు గంటలు నిండినవి. పందెము గెలిచితిని. నా చెల్లెలు తెల్లగువ్వల బుట్టను చేత పట్టుకొని నా ప్రక్కనే నిలుచుండెను. అప్పుడు గుంపులో ఒకరు, “ఇంకొక గంట నిలుచునా?” అనిరి. నేను బుట్ట మూత తీయనీయలేదు. ఒక గంట రెండు గంటలైనవి. పడమట నల్లగా లేచినది మొదట మబ్బనుకొంటిమి. అది దుమ్ము. గాలిదుమారము పది నిమిషములలో ఊరిని కప్పివేసెను. అప్పుడు తెల్లగువ్వలను వదలితిమి. అవి కప్పుమీద నిలువలేక లోపలికి దూరినవి. ఈల వేసితిని, నా ఈల నాకే వినబడలేదు.

ఆ రాత్రి వాన కురిసెను. మరునాడు లాంతరుతో, మూడవనాడు సైకిలుమీద, చుట్టుప్రక్కల గ్రామములన్నియు వెదకితిని. నాలుగవ దినమున ఒక్క పిల్ల రెక్క వ్రేలాడవేసికొని నడచి వచ్చినది. తక్కిన నాలుగు రాలేదు. నా చెల్లెలు ఏడువలేదు. యవల డబ్బా నా యెదుట పెట్టి, “అన్నా, అవి దిగడానికి సిద్ధంగానే ఉండె గదా, నువ్వెందుకు పిలువలేదు?” అని మాత్రమడిగినది.

నా వద్ద జవాబు లేదు. నేటికిని లేదు. పక్షులలో లోపము లేదు. మేతలో లోపము లేదు. శిక్షణలో కూడ లోపము లేదు. దించవలసిన వేళ దించనివాడను నేనే. పందెము గెలిచిన తరువాత నేను కోరిన ఆ ఇంకొక గంట పక్షుల ఓర్పునకు పరీక్ష కాదు, నా ఆశకు కొలత. అప్పటినుండి నేటివరకు నేను పందెము కాయలేదు. జట్టు ఎంతసేపు ఎగురగలదో అందులో మూడువంతులకే పిలిచి దించుచున్నాను.

పంచాయతీ చేయదగినది

సభ్యులారా, ఈ వేడుకను గ్రామమునుండి వెడలగొట్టుడని నేను చెప్పను. యువకుడు తెల్లవారకముందు లేచి గూడు ఊడ్చి, గింజ కొలిచి, గడియారము చూచి, ఒక ప్రాణికి బాధ్యత వహించుట చెడ్డ అలవాటు కాదు. దీనివలన ఆదాయము కలుగునని కూడ నేను చెప్పను, కలుగదు. కాని దీనిని క్రమములో పెట్టుట మీ చేతిలో ఉన్నది.

మొదటిది, ఉంగరముల లెక్క. గ్రామమున పావురములు పెంచువారందరు తమ పక్షుల ఉంగరపు సంఖ్యలను ఒక పుస్తకములో వ్రాయించుకొనునట్లు మీరు నచ్చజెప్పవలెను. ఎవరి గూటిలో పరాయి పక్షి దిగినను, సంఖ్య చూచి, నీరిచ్చి, మరునాడు యజమానికి అప్పగించునట్లు ఒక ఒడంబడిక చేసికొనవలెను. పట్టిన పక్షి పట్టినవానిదే అను పాత వాడుకయే సగము తగవులకు మూలము.

రెండవది, పందెము. డబ్బు కాసి ఆడు జూదమును 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము నిషేధించుచున్నది. తెలంగాణమునకు కూడ ఆ చట్టము సంక్రమించినది. జంతువులను హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. పోటీ కావలెననిన డబ్బులేని పోటీ పెట్టవచ్చును. ఇంగ్లండువారి పోటీలలో జట్టునకు కనీసము మూడు పక్షులుండవలెను. ప్రక్కన ఒక తటస్థుడు గడియారముతో కూర్చుండును. జట్టులోని పక్షులు విడిపోక కలిసి ఎగురవలెను. పిలిచినప్పుడు దిగని జట్టు ఎన్ని గంటలు ఎగిరినను లాభము లేదు. ఈ చివరి నియమము ఒక్కటి మన గ్రామములలో అమలైనచో, ఎక్కువసేపు ఎగురవేయువానికి గాక చక్కగా దించువానికి బహుమానము దక్కును.

మూడవది, డేగలు. పావురమును తన్నుకొనిపోయెనని డేగను వలపన్ని పట్టుట, విషము పెట్టుట కొన్ని చోట్ల జరుగుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఇది శిక్షార్హము. డేగ మన పొలములో ఎలుకలను పట్టు పక్షి కూడ. అది ఎక్కువగా తిరుగు దినములలో జట్టును లోపల ఉంచుటయే ఉపాయము.

నాలుగవది, గాలిపటముల దారము. గాజుపొడి పూసిన నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట నిషేధించెను. సంక్రాంతికి ముందు మీ గ్రామపు అంగళ్లలో అది అమ్ముడుపోకుండ చూచుట మీ విధి. అది పావురపు రెక్కనే కాదు, సైకిలుమీద పోవు బిడ్డ మెడను కూడ కోయును.

అయిదవది, పరిశుభ్రత. పావురముల రెట్ట ఎండి దుమ్మైనచో దానిని పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బులు రాగలవు. గూడు మంచినీటి తొట్టికి, పాఠశాలకు, అంగన్‌వాడీకి దూరముగా ఉండవలెను. ఊడ్చుటకు ముందు కొద్దిగా తడిపి, ముక్కునకు గుడ్డ కట్టుకొని ఊడ్వవలెను. పక్షులు మెడ మెలిపెట్టినను, కూట్లో కూడుకొని మేత మానినను, పశువైద్యునికి చూపవలెను. ఇతరుల కోళ్లకు సోకు జబ్బు కావచ్చును.

ముగింపు

సభ్యులారా, నా ప్రసంగమును ముగించెదను. పిల్లకు గూడు చూపుట, పిలుపు నేర్పుట, యవలతో అదుపు, విశ్రాంతితో బలము, నూనెగింజలతో ఇంధనము: ఈ వరుస తప్పనివానికి పావురము గంటలకొలది ఆకాశము నిచ్చును. ఈ వరుసలో చివరి మెట్టు మాత్రము పక్షిది కాదు, మనది. చేతిలో దించు గువ్వల బుట్ట ఉన్నప్పుడు, పక్షి దిగుటకు సిద్ధముగా ఉన్నప్పుడు, పడమట ఇంకను తెల్లగా ఉన్నప్పుడు, మూత తీయవలెను.

మీ గ్రామమున పావురములు పెంచు యువకుడు ఎవరైన మీ వద్దకు వచ్చి, తన జట్టు ఎనిమిది గంటలు ఎగిరెనని చెప్పినచో, సంతోషించి భుజము తట్టుడు. తట్టి, “ఎన్నింటికి పిలిచితివి, ఎన్నింటికి దిగినవి?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పినవాడే ఈ విద్య నేర్చినవాడు.